రెండు జన్యువులు రెండు వంశవృక్షాలు చూపిస్తున్నాయి, ఏది నమ్మాలి? (ఇంటి ఎలుకల గోల)

సీమచిట్టెలుక
ఎమ్మెస్సీ జువాలజీ రెండో ఏడాది, ప్రాజెక్టు ఎలుకల మీద. అనంతపురం పక్కన మా చిన్నాన్న వాళ్ళ బుడ్డల చేలో రేకు బోన్లు పెట్టి, ఎరగా వేయించిన బుడ్డలు, ఒక్కో దాంట్లో ఎండుచేప ముక్క వేసి, నాలుగు రాత్రుల్లో 11 చిట్టెలుకలు పట్టాం. తోక కొస రెండు మిల్లీమీటర్లు కత్తిరించుకుని మళ్ళీ అదే గట్టు మీద వదిలేశాం. డీఎన్ఏ తీసి సైటోక్రోమ్ బి (మైటోకాండ్రియాది), ఐఆర్‌బీపీ (మామూలు క్రోమోజోమ్‌ది) రెండూ సీక్వెన్స్ చేయించా. పోలిక కోసం ఇంటి ఎలుక ఉపజాతులు మూడింటివీ, అంటే డొమెస్టికస్, మస్క్యులస్, కాస్టేనియస్‌వి, డేటాబేస్ నుంచి దించుకున్నా.

ఇప్పుడు సమస్య. ఒక జన్యువుతో చెట్టు గీస్తే మస్క్యులస్, కాస్టేనియస్ అక్కచెల్లెళ్ళు, డొమెస్టికస్ బయట. ఇంకోదాంతో గీస్తే డొమెస్టికస్, కాస్టేనియస్ పక్కపక్కన, మస్క్యులస్ బయట. మా గైడ్ ఒకసారి చూసి "ట్యూబులు కలిపేసి ఉంటావు, మొదటి నుంచి చెయ్" అన్నారు. ఆ మూడూ నా ట్యూబుల్లోవే కాదు మహాప్రభో, డౌన్‌లోడ్ చేసినవి! ఇంకో నెలలో వైవా. నేనేం తప్పు చేశానో ఎవరైనా చెప్పండి.

గోదారోడు
కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదేనేమో. మీరు ఎలుకను పట్టి కొండ తవ్వుతున్నారు.

మిరపబజ్జీ
బుడ్డలంటే ఏంటండీ?

సీమచిట్టెలుక
@మిరపబజ్జీ వేరుశనగ. మా దగ్గర అట్లే అంటాం.

ల్యాబ్‌పిల్లి
తప్పేం చేయలేదు. మీ రెండు చెట్లూ నిజమే అయ్యుండొచ్చు. 2009లో ఇంటి ఎలుకల మొత్తం జీనోమ్‌ను, అంటే డీఎన్ఏ అంతటినీ, వేల ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకూ విడివిడిగా చెట్టు గీశారు. ఎక్కువ ముక్కలు ఒప్పుకున్న చెట్టు ఏదంటే మస్క్యులస్, కాస్టేనియస్ జతగా ఉండి డొమెస్టికస్ ముందు విడిపోయినట్టు చూపించేది. "ఎక్కువ" అంటే ఎంతనుకున్నారు? సుమారు 39 శాతం. సగం కూడా లేదు. మిగతా జీనోమ్ అంతా వేరే చెట్లకు ఓటేసింది. రెండే జన్యువులతో మీకు ఒకే జవాబు వచ్చుంటే అది అదృష్టం, అంతే.

గోదారోడు
39 శాతంతో గెలిచేది మన దగ్గర ఎమ్మెల్యేలే అనుకున్నా. జోకు పక్కన పెట్టి అడుగుతున్నా, మిగతా 61 శాతం అబద్ధం చెబుతోందా?

మామ్మగారి_మనవడు
నేను సైన్సోడిని కాను, ఆస్తి తగాదాల లాయర్ని. మా మామ్మ పెట్టెతో చెబుతా, తప్పైతే ల్యాబ్‌పిల్లి గారు దిద్దండి.

ఉమ్మడి ఇల్లు. పెట్టెలో రెండు రకాల నగలు, కాసులపేర్లూ చంద్రహారాలూ కలగాపులగంగా ఉన్నాయి. పెద్దోడు ముందు వేరుపడ్డాడు, వాడి చేతికి చంద్రహారం వచ్చింది. మిగిలిన ఇద్దరూ కలిసున్నారు గానీ ఎక్కువ కాలం కాదు, వాళ్ళ పెట్టెలో ఇంకా రెండు రకాలూ ఉండగానే వాళ్ళూ వేరుపడ్డారు. నడిమోడికి కాసులపేరు, చిన్నోడికి చంద్రహారం. వందేళ్ళ తర్వాత ఎవడో వచ్చి మెళ్ళో నగ చూసి "పెద్దోడూ చిన్నోడూ ఆఖరిదాకా కలిసున్నారు" అంటాడు. నగ నిజమే, అది ఆ పెట్టెలోదే. కానీ పంపకాల వరస దాన్ని బట్టి తెలియదు. నడిమోడూ చిన్నోడూ ఓ నాలుగు తరాలు కలిసుంటే ఒక రకం నగ ఎప్పుడో కరిగిపోయేది, ఇద్దరికీ ఒకటే మిగిలేది, అప్పుడు గందరగోళం ఉండేది కాదు.

ల్యాబ్‌పిల్లి
@మామ్మగారి_మనవడు దిద్దడానికేం లేదు. నేను క్లాసులో ఇంత బాగా చెప్పలేకపోయాను. వాడుకుంటా, ఫీజు అడక్కండి.

లెక్కలమాస్టారు
ఆ "నాలుగు తరాలు" ఎన్నో లెక్క వేసుకోవచ్చు. ఒక జనాభాలో రెండు జన్యు ప్రతులు తీసుకుని వెనక్కి వెళితే, అవి ఒకే పూర్వీకుడి దగ్గర కలవడానికి సగటున 2ఎన్ తరాలు పడుతుంది. ఎన్ అంటే పిల్లల్ని కనే జనాభా, సుమారుగా. ఇంటి ఎలుకల పూర్వీకులకు ఎన్ రెండు లక్షలు అనుకుందాం, అంటే నాలుగు లక్షల తరాలు. ఏడాదికి ఒకటి రెండు తరాల లెక్కన రెండు నుంచి నాలుగు లక్షల ఏళ్ళు. మూడు ఉపజాతులూ విడిపోయింది మొత్తం మీద మూడున్నర నుంచి ఐదు లక్షల ఏళ్ళ క్రితం అంటున్నారు. మొదటి చీలికకూ రెండో చీలికకూ మధ్య ఉన్న గ్యాప్ ఆ నగలు కరగడానికి చాలలేదు. అందుకే ఈ తికమక. ఎన్ చిన్నదైతే చెట్టు శుభ్రంగా వచ్చేది.

పొడిమాట
ఐదు లక్షల ఏళ్ళు ఎవడు చూశాడు సార్? నిన్న మొన్నటి కరెంటు బిల్లే సరిగ్గా లెక్కేయలేకపోతున్నారు.

లెక్కలమాస్టారు
@పొడిమాట న్యాయమైన ప్రశ్నే. ల్యాబులో తల్లిదండ్రుల డీఎన్ఏ, పిల్లల డీఎన్ఏ మొత్తం చదివి కొత్తగా వచ్చిన మార్పులు లెక్కపెడతారు. ఎలుకల్లో తరానికి వంద కోట్ల అక్షరాలకు అయిదారు మార్పులు. రెండు ఉపజాతుల మధ్య తేడా ఎంతో చదివితే తెలుస్తుంది, అందులోంచి విడిపోకముందే పెట్టెలో ఉన్న తేడా తీసేయాలి, మిగిలినదాన్ని రేటుతో భాగించాలి. ఏడాదికి ఎన్ని తరాలనే దగ్గర జవాబు సాగుతుంది. అందుకే మూడున్నర నుంచి ఐదు అంటారు గానీ ఒక్క అంకె చెప్పరు.

పొడిమాట
సరే, కరెంటోళ్ళ కన్నా నయమే.

డాలస్_బావ
ఇక్కడ మా ల్యాబులో రోజూ చూసే నల్ల ఎలుక కథ వినండి, ఇంకా తలనొప్పి వస్తుంది. సీ57 బ్లాక్ 6 అని, 2002లో ఎలుక జీనోమ్ అని ప్రకటించింది దీన్నే. దీనికి "జాతి" అడిగితే ఏం చెప్పాలో తెలియదు. పాత ల్యాబు ఎలుకల జీనోమ్ 94 శాతం దాకా డొమెస్టికస్, మిగతాది ఎక్కువగా మస్క్యులస్. మైటోకాండ్రియా డొమెస్టికస్‌ది, పాత ల్యాబు వంశాల్లో చాలావాటికి ఒకే తల్లి నుంచి వచ్చింది. వై క్రోమోజోమ్ మాత్రం మస్క్యులస్‌ది! ఎందుకంటే వంద నూట ఇరవై ఏళ్ళ క్రితం ఇళ్ళల్లో ముచ్చటకు పెంచుకునే రంగురంగుల ఎలుకల్ని, వాటిలో జపాన్ నుంచి వచ్చినవి కూడా ఉన్నాయి, కలిపి ఈ వంశాలు కట్టారు. జపాన్ ఎలుకే మళ్ళీ మస్క్యులస్, కాస్టేనియస్ కలిసిన హైబ్రిడ్. వై మీద చెట్టు గీస్తే ఒక ఊరు, మైటోకాండ్రియా మీద గీస్తే ఇంకో ఊరు.

మిరపబజ్జీ
తండ్రిది ఒక ఊరు, తల్లిది ఒక ఊరు, పెరిగింది అమెరికాలో. బావా ఇది నీ కథేగా.

డాలస్_బావ
ఆధార్ ఒక్కటే తక్కువ దానికి.

సీమచిట్టెలుక
మామ్మ పెట్టె అర్థమైంది. కానీ ఇలా కలిసి పిల్లల్ని కంటుంటే ఇవి వేరు జాతులా ఒకటే జాతా? వైవాలో ఇది తప్పకుండా అడుగుతారు. పైగా మన ఇళ్ళల్లో తిరిగేది ఏది?

రాత్రిషిఫ్ట్
మన బియ్యం డబ్బా చుట్టూ తిరిగేది కాస్టేనియస్. దానికి ఆ పేరు పెట్టింది ఫిలిప్పీన్స్ ఎలుకను చూసి, 1843లో. కానీ జన్యు వైవిధ్యం ఎక్కువ కనిపించేది ఉత్తర భారతం, పాకిస్తాన్ వైపు, అందుకే మొత్తం ఇంటి ఎలుకల పుట్టిల్లు ఆ చుట్టుపక్కలే అని వాదించేవాళ్ళు ఉన్నారు. మన మూషికమూ, లాటిన్ మస్సూ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలే అని కూడా గుర్తుపెట్టుకోండి, మార్కులు రావు గానీ బాగుంటుంది.

ల్యాబ్‌పిల్లి
జాతుల సంగతి. ఇది కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

యూరప్‌లో డెన్మార్క్ నుంచి జర్మనీ, చెక్, ఆస్ట్రియా మీదుగా నల్ల సముద్రం దాకా ఒక గీత ఉంది. గీతకు పడమర డొమెస్టికస్, తూర్పున మస్క్యులస్. డొమెస్టికస్ పశ్చిమాసియా నుంచి మధ్యధరా చుట్టూ వచ్చింది (లెవాంట్‌లో, అంటే ఇజ్రాయెల్, సిరియా వైపు, మనుషులు వ్యవసాయం మొదలెట్టకముందే, 15 వేల ఏళ్ళ నాడే, ఇళ్ళల్లో దూరింది). మస్క్యులస్ నల్ల సముద్రానికి ఉత్తరం నుంచి వచ్చింది. లక్షల ఏళ్ళు విడిగా బతికి, గత కొన్ని వేల ఏళ్ళలో యూరప్ మధ్యలో ఎదురుపడ్డాయి. గీత పొడవు రెండు వేల కిలోమీటర్ల పైమాటే, వెడల్పు మాత్రం చాలాచోట్ల ఇరవై కిలోమీటర్లు. ఆ ఇరవై కిలోమీటర్లలో ఏ గడ్డివాములో పట్టినా హైబ్రిడ్లే. అయినా వేల ఏళ్ళుగా రెండూ కలిసిపోయి ఒకటి కాలేదు, గీత చెరగలేదు.

మామూలు క్రోమోజోముల జన్యువులు గీత దాటి అవతలికి కొంత దూరం వెళుతున్నాయి. ఎక్స్ క్రోమోజోమ్ దాదాపు గీత దగ్గరే ఆగిపోతోంది. ఎందుకంటే హైబ్రిడ్ మగవాటికి వీర్యకణాలు సరిగ్గా తయారు కావు, ఆ లోపం పెద్ద భాగం ఎక్స్ మీద ఉంది. ఒకే జంటలో కొన్ని జన్యువులకు గోడ, కొన్నింటికి గేటు. కాబట్టి "వేరు జాతులా" అంటే ఎక్స్‌ను అడిగితే అవును అంటుంది, 39 శాతం వాళ్ళను అడిగితే ఒకలా, మిగతావాళ్ళను అడిగితే ఇంకోలా చెబుతారు.

పాతకాపు
ల్యాబ్‌పిల్లి గారితో ఒక చోట విభేదిస్తాను. మగ సంతానం గొడ్డుపోతుంటే ఇంకా ఉపజాతి అనడం మొహమాటం. రెండు జాతులనే పిలవాలి. గాడిదకూ గుర్రానికీ పెట్టిన రూలు ఎలుకకు ఎందుకు లేదు?

ల్యాబ్‌పిల్లి
@పాతకాపు గారూ, అన్ని మగవీ గొడ్డుపోవు, అదే చిక్కు. ప్రాగ్ దగ్గర పట్టిన మస్క్యులస్ ఆడదాన్ని బ్లాక్ 6 మగదానితో కలిపితే మగ పిల్లలు పూర్తిగా గొడ్డు. అదే జంటను తిరగేసి, తల్లి బ్లాక్ 6, తండ్రి ప్రాగ్‌ది అయితే కొంత సంతానశక్తి ఉంటుంది. వేరే ఊరి మస్క్యులస్ తెస్తే ఫలితం మళ్ళీ మారుతుంది. జాతి గోడ అనుకున్నది ఊరి ఊరికీ మారుతుంటే ఎక్కడ గీత గీస్తారు?

దీని వెనకున్న జన్యువు కోసం యిర్జీ ఫోరెయ్ట్ అనే చెక్ శాస్త్రవేత్త బృందం 1974 నుంచి వెతికి 2009లో పట్టుకుంది. పీఆర్‌డీఎం9. వెన్నెముక ఉన్న జంతువుల్లో హైబ్రిడ్ గొడ్డుతనానికి మొదట దొరికిన జన్యువు అదే. దాని పని ఏంటంటే, వీర్యకణాలు తయారయ్యేటప్పుడు తల్లి క్రోమోజోమూ తండ్రి క్రోమోజోమూ ముక్కలు మార్చుకునే చోట్లను గుర్తుపెట్టడం. ప్రతి వంశంలోనూ ఆ చోట్లు కాలం గడిచేకొద్దీ అరిగిపోతాయి. హైబ్రిడ్‌లో ఒక వైపు గుర్తు ఉంటుంది, రెండో వైపు అదే చోట ఉండదు, జత సరిగ్గా కుదరదు, కణం ఆగిపోతుంది. 2016లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఎలుక పీఆర్‌డీఎం9లో గుర్తుపట్టే ముక్క తీసేసి మనిషిది పెట్టారు. మనిషిది ఎలుక డీఎన్ఏ మీద ఎప్పుడూ పనిచేయలేదు కాబట్టి అరుగుదల లేదు. గొడ్డు మగవి పిల్లల్ని కన్నాయి.

గోదారోడు
ఎలుక సంసారం చక్కబెట్టడానికి మనిషి జన్యువు కావాల్సొచ్చిందన్నమాట. మధ్యవర్తి పెళ్ళిళ్ళల్లో మామూలే.

విజయనగరం_వాసు
పాతకాపు గారు గాడిద, గుర్రం ఎత్తారు కాబట్టి. "హైబ్రిడ్లలో ముందు దెబ్బతినేది రెండు రకాల సెక్స్ క్రోమోజోములు ఉన్న లింగం" అనే సూత్రం జేబీఎస్ హాల్డేన్ 1922లో రాశాడు. ఎలుకల్లో అది మగది, పక్షుల్లో ఆడది. ఆ హాల్డేనే 1957లో ఇంగ్లండ్ వదిలి మన దేశం వచ్చేసి, భారత పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో పోయాడు. ఆయన దగ్గర పనిచేసిన వాళ్ళలో మన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. మా నాన్నగారు ఈ మాట ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవారు.

మిరపబజ్జీ
పొద్దున్నుంచి లక్షల ఏళ్ళే. మన కళ్ళ ముందు ఏదైనా మారిందా అసలు?

డాలస్_బావ
మదైరా దీవి. పోర్చుగల్‌ది. ఇంటి ఎలుకకు మామూలుగా 40 క్రోమోజోములు. పడవల్లో అక్కడికి చేరిన ఎలుకల్లో, కొండల మధ్య లోయ లోయకూ విడిపోయి, క్రోమోజోములు జతలు జతలుగా అతుక్కుపోయాయి. ఆరు రకాల ఎలుకలు, కొన్నింటికి 22 క్రోమోజోములే. వెయ్యేళ్ళ లోపు పని. జన్యువులు దాదాపు అవే, కట్టలు కట్టిన తీరు మారింది. 2000లో బయటపెట్టారు.

గోదారోడు
నాది సైన్సు కాదు, కష్టం. మా ధాన్యం గోదాములో ఎలుకల మందు ఎంత పెట్టినా పనిచేయట్లేదు. మీరు చెప్పే హైబ్రిడ్లేమో అని అనుమానం.

ల్యాబ్‌పిల్లి
@గోదారోడు నవ్వుకున్నా సరే, ఇలాంటిది నిజంగా జరిగింది, మీ ఊళ్ళో కాదు. రక్తం గడ్డకట్టకుండా చేసే వార్ఫరిన్ తరహా మందులు వీకేఓఆర్‌సీ1 అనే జన్యువు చేసే ప్రొటీన్ మీద పనిచేస్తాయి. స్పెయిన్ వైపు పొలాల్లో ఉండే మస్ స్ప్రేటస్ అనే జాతికి ఆ జన్యువు తేడాగా ఉంటుంది, మందు అంతగా ఎక్కదు. స్పెయిన్‌లోనూ జర్మనీలోనూ ఇంటి ఎలుకల్లో ఆ స్ప్రేటస్ ముక్కే దొరికింది, 2011లో. ఈ రెండూ విడిపోయి పదిహేను లక్షల ఏళ్ళ పైనే. హైబ్రిడ్ మగవి గొడ్డు, ఆడవి కావు. ఆ ఆడవాటి దారిన ఒక్క ముక్క ఇవతలికి దూరి, మందు పెట్టిన చోటల్లా అదే మిగిలింది.

రాత్రిషిఫ్ట్
అదే స్ప్రేటస్‌కూ బ్లాక్ 6కూ డీఎన్ఏలో మూడున్నర కోట్ల చోట్ల అక్షరాలు తేడా. అంటే ఒక శాతం పైనే. మనిషికీ చింపాంజీకీ ఉన్న తేడా లాంటిదే! అయినా పిల్లలు పుడుతున్నాయి.

లెక్కలమాస్టారు
@రాత్రిషిఫ్ట్ తేడా ఒకటే అయినా కాలం ఒకటి కాదు. ఎలుకకు ఏడాదిలో రెండు తరాలు, మనకు పాతికేళ్ళకు ఒకటి. అవి పదిహేను ఇరవై లక్షల ఏళ్ళలో నడిచిన దూరం మనం అరవై డెబ్భై లక్షల ఏళ్ళు నడిచాం.

ఓరుగల్లు_రైతుబిడ్డ
@గోదారోడు అన్నా, జన్యువుల మీద వేయకముందు ఎర ఎట్ల కలుపుతున్నవో చెప్పు. బ్రోమోడయోలోన్ అయితే 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు మందు, కాయితం పొట్లంల కట్టి కన్నంల పెట్టాలె. జింక్ ఫాస్ఫైడ్ అయితే మొదటి రెండు రోజులు మందు లేని ఎర తినిపించాలె, లేకుంటే ఒక్కటి చస్తే మిగతావి మళ్ళ ముట్టవు. గోదాములో గోడ కింద తవ్వి మట్టి కుప్పలు పోస్తుంటే అది చిట్టెలుక కాదు, పందికొక్కు. దానికి ఈ చర్చకు సంబంధమే లేదు.

గోదారోడు
మట్టి కుప్పలున్నాయి.

ఓరుగల్లు_రైతుబిడ్డ
బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేటోళ్ళను పిలువు, పైసలు దండుగ కాకుంటది.

పాతకాపు
ఇంటి ఎలుకలు సరే, అమ్మాయి పట్టినవి పొలంలోవి కదా. ఇంత సేపూ ఎవరూ అడగలేదు, ఆ 11 ఏమిటి?

సీమచిట్టెలుక
అన్నీ మస్ బూడుగ అని రాశాం. రంగు, తోక కొలత చూసి.

మిరపబజ్జీ
బుడ్డల చేలో బూడుగ. పేరు కుదిరింది.

పాతకాపు
కొలతలు చూసి బూడుగ అని రాయడం నేనూ చేశాను, చేసి తిట్లు తిన్నాను. దానికి దగ్గరి చుట్టం మస్ టెర్రికలర్ అని ఉంది, పాత పుస్తకాల్లో మస్ డున్ని అంటారు. అదే చేలో, పక్క కన్నంలో ఉంటుంది, చేతిలో పట్టుకుని చూస్తే విడదీయడం కష్టం. మా రోజుల్లో సీక్వెన్సింగ్ లేదు. తొడ ఎముక రెండు వైపులా కత్తిరించి, సిరంజితో మజ్జ బయటికి తోసి, స్లైడు మీద ఎత్తు నుంచి చుక్క వేసి, జీమ్సా రంగు పోసి మైక్రోస్కోపులో చూసేవాళ్ళం. రెండింటికీ 40 క్రోమోజోములే. బూడుగవి గింజల్లా ఒకవైపే సాగి ఉంటాయి. టెర్రికలర్‌లో కొన్నింటికి రెండో వైపు పొట్టి చేతులు మొలిచి ఉంటాయి, దాని ఎక్స్ బాగా పెద్దది. ఆ చేతుల్లో ఉన్నది జన్యువులు లేని పదేపదే వచ్చే డీఎన్ఏ. బనారస్ వాళ్ళు ఈ చేతులు ఏ క్రోమోజోముల మీద ఉన్నాయో చూసి టెర్రికలర్‌లోనే మూడు రకాలు తేల్చారు. అంటే ఇంకా విడిపోతున్న జాతి, మన పొలాల్లోనే. యూరప్ గీత గురించి ఇంత మాట్లాడుకున్నాం గానీ మన బుడ్డల చేలో ఉన్నదాని మీద ఎవరికీ ఆసక్తి లేదు.

సీమచిట్టెలుక
ఆగండి, చెట్టు మళ్ళీ తెరిచా. సైటోక్రోమ్ బిలో నా 11 ఒకే గుత్తిగా లేవు. ఎనిమిది ఒక కొమ్మ, మూడు దూరంగా ఇంకో కొమ్మ. ఇన్నాళ్ళూ ఇంటి ఎలుకల గొడవలో పడి కింద భాగం సరిగ్గా చూడనేలేదు. డేటాబేస్‌లోని టెర్రికలర్ పక్కన పెడితే ఆ మూడూ పోయి దానితో కూర్చున్నాయి.

ఐఆర్‌బీపీలో కూడా అవే మూడు విడిగా ఉన్నాయి. వీటికి మాత్రం రెండు జన్యువులూ ఒకే మాట చెబుతున్నాయి.

ల్యాబ్‌పిల్లి
ఎందుకంటే ఆ రెండూ విడిపోయి చాలా కాలమైంది, మామ్మ పెట్టెలో నగలు కరిగిపోయాయి. ఇంటి ఎలుకలవి కరగలేదు. మీ గైడ్‌కు ఈ రెండు పటాలూ పక్కపక్కన పెట్టి చూపించండి, ట్యూబుల మాట ఎత్తరు. కుదిరితే ఇంకో నాలుగైదు జన్యువులు, ఒకటి ఎక్స్ మీదిది.

సీమచిట్టెలుక
ఎక్స్ మీది ప్రైమర్లు (ఆ జన్యువును పట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు) సీనియర్ దగ్గర ఉన్నాయట, సోమవారం ఇస్తానంది. ఆ మూడు ఎలుకలూ మూడో రాత్రివి, బావి గట్టు వైపు బోన్లలో పడ్డవి. నోట్‌బుక్‌లో "కొంచెం చిన్నవి, చేతికి కరిచాయి" అని రాసుకున్నా. ఎనిమిదిట్లో ఒక్కటీ కరవలేదు.

పాతకాపు
కరవడం కొలత కాదమ్మా. కానీ రాసి ఉంచు.